బకెట్ ఇచ్చారు సరే, పేరు రాసుకున్నారా?

ముక్కుకి గుడ్డ కట్టకుండా మందు కొడితే సాయంత్రానికి తల తిరుగుతుందని రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. డాక్టరు "ఏం మందు కొట్టావ్?" అంటే కనీసం డబ్బా చూపిస్తాం. సముద్రంలో ఒలికిన ఆయిల్ ఎత్తినోడు ఏం చూపించాలి?

2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి. తారులాంటి ఆయిల్ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఎత్తింది దేంతో? బకెట్లతో! 2023 డిసెంబరులో, మన బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను వరదలో అదే ఎన్నూరు ఉప్పుటేరు నిండా మళ్లీ ఆయిల్. ఈసారి జాలరోళ్లు పడవలెక్కి ఉత్త చేతులతో, మగ్గులతో తోడారు. ఒడ్డున ఇళ్లలో జనం కళ్లు మంటలంటూ ఆ వాసనలోనే ఉన్నారు.

ముడి చమురులో బెంజీన్ ఉంటుంది. గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గు, తలనొప్పి వెంటనే తెలుస్తాయి, అసలుది తర్వాత వస్తుంది. 2010లో మెక్సికో సింధుశాఖలో బావి పేలాక, శుభ్రం పనితో సంబంధమున్న దాదాపు 33 వేలమంది పేర్లు రాసుకుని అమెరికా ప్రభుత్వ పరిశోధకులు ఏళ్ల తరబడి వెంటపడి చూశారు. ఆ పని చేసినోళ్లలో ఉబ్బసం లక్షణాలు ఎక్కువని అలాగే బయటపడింది.

కూలి ఇచ్చాం కదా అంటారా? ఎన్నూరులో తోడినోళ్ల పేర్లు ఏ రిజిస్టర్లో ఉన్నాయి సార్? రేపు ఆయాసంతో వస్తే "బీడీలు మానెయ్" అని పంపేస్తారు.