డిశ్చార్జి కాగితంలో ఖాళీ గడి

గత నెలలో మా పేటలో వారం తేడాతో ఇద్దరు బిడ్డలు పుట్టారు. ఆ ఇద్దరి డిశ్చార్జి కాగితాలూ నా దగ్గరికి వచ్చాయి. రిటైరైన గుమాస్తా దగ్గరికి జనం తెచ్చేవి కాగితాలే కదా! కార్పొరేట్ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష జరిగింది. మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలతో థైరాయిడ్, మరికొన్ని పరీక్షలు కూడా జరిగాయి. చిన్న నర్సింగ్‌హోములో పుట్టిన బిడ్డ కాగితంలో బరువు, పుట్టిన వేళ, వేసిన టీకాలు తప్ప మరేమీ లేవు. తల్లిదండ్రులు వద్దన్నారా అంటే కాదు. అటువంటి పరీక్షలు ఉన్నాయని వారికి చెప్పినవారే లేరు.

పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న శిశువు తొలి రోజుల్లో చాలా వరకు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మన దేశంలో ఇంచుమించు వెయ్యి మందిలో ఒకరికి ఉండే లోపమిది. రెండు వారాల్లోపు గుర్తించి రోజూ చిన్న మాత్ర ఇస్తే బిడ్డ తోటి పిల్లల్లాగే ఎదుగుతుంది. నెలలు గడిచాక తెలిస్తే, మెదడుకు అప్పటికే జరిగిన నష్టాన్ని ఆ మాత్ర పూడ్చలేదు. వినికిడి సంగతీ ఇంతే. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది వైద్యుల లెక్క. మనం పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ పలుకుతాం. ఆ చెవికి వినిపిస్తున్నదో లేదో మాత్రం రెండేళ్లు నిండినా మాటలు రానప్పుడు గాని విచారించం. దగ్గరి బంధువుల పెళ్లిళ్లు జరిగే ఇళ్లలో పుట్టుచెవుడు ముప్పు హెచ్చు. మేనరికాలు తెలుగునాట అన్ని మతాల్లోనూ ఉన్నవే గనుక ఈ మాటను ఎవరూ నిందగా తీసుకోనక్కరలేదు.

2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ రెండు లోపాలూ ఉన్నాయి. 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పును ఉచితం చేసింది. కానీ జాబితాలో ఉండడం వేరు, ప్రసూతి వార్డులో యంత్రమూ, దాన్ని నడిపే మనిషీ ఉండడం వేరు. గోవా ప్రభుత్వం 2008లోనే నవజాత శిశువులకు రక్తపరీక్షల పథకం మొదలుపెట్టింది. మనవారికి ఎందుకు సాధ్యం కాదు? మడమ రక్తం పుట్టిన 48 గంటలు దాటాక తీయడం మేలు; మంచాలు చాలక బాలింతను ముందే పంపేస్తే ఆ పరీక్ష తప్పిపోతుంది. బొడ్డుతాడు రక్తంతోనూ థైరాయిడ్ పరీక్ష చేయవచ్చు గనుక ఆ సాకు కూడా నిలవదు.

మా ఆఫీసులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫైలు వెనక్కి పంపేవాళ్లం. డిశ్చార్జి కాగితంలో వినికిడికి ఒక గడి, థైరాయిడ్‌కు ఒక గడి, తేదీతో సహా తప్పనిసరి చేయాలని ప్రతి జిల్లాలోనూ వైద్యాధికారికి వినతిపత్రం ఇద్దాం. ప్రైవేటు ఆసుపత్రులకూ అదే నియమం వర్తించాలి. అంతవరకు, కాన్పుకు చేర్చిన రోజే ఈ రెండు పరీక్షల సంగతి అడగండి. లేవంటే ఎక్కడ చేస్తారో రాయించుకోండి. ఏడో రోజు అఖీఖా నాటికి ఫలితం చేతికి రాకపోతే మళ్లీ వెళ్లి అడగండి.