నడుమ పలచబడిన దుప్పటికి రెండో ఆయుష్షు

మీ ఇంట్లో ఎమ్మిగనూరు చేనేత దుప్పటి ఉందా? 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరది. ఆ పక్కనే పత్తి మార్కెట్టుకు పేరుపడ్డ ఆదోని. పత్తి పండించేవాళ్ల కష్టం, నేసేవాళ్ల కష్టం ఎరిగినవాళ్లకు, నడుమ పలచబడిందని దుప్పటిని మసిగుడ్డ చేయబుద్ధి కాదు కదూ!

వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అరిగేది మధ్యభాగమే, అంచులు గట్టిగానే ఉంటాయి. అందుకని దుప్పటిని సరిగ్గా మధ్యలో నిలువుగా రెండుగా కత్తిరించండి. ఇప్పుడు బయటి అంచులు రెండూ లోపలికి తెచ్చి, ఒకదానిమీద ఒకటి అర అంగుళం ఎక్కించి, మిషను మీద రెండు వరుసలు కుట్టండి. నేత అంచు పోగులూడదు కాబట్టి అక్కడ మడత పెట్టొద్దు. మడత పెడితే పడుకున్నప్పుడు వీపుకు ఒత్తుకుంటుంది. పలచని భాగం పక్కలకు వస్తుంది. బాగా నలిగిన మేర తీసేసి, మడిచి కుట్టి, పరుపు కిందికి దోపేయండి. వెడల్పు రెండు మూడు అంగుళాలు తగ్గుతుంది, అంతే!

"చుట్టాలొస్తే ఎలా పరుస్తాం?" అంటారేమో. చుట్టాలకెందుకమ్మా, పిల్లల మంచానికి వెయ్యండి! కొత్త దుప్పటి డబ్బు జూన్‌లో వాళ్ల స్కూలు బ్యాగులకు పనికొస్తుంది. నడుమ చిరిగేదాకా ఆగితే మాత్రం ఈ ఉపాయం పారదు. అప్పుడు గట్టిగా ఉన్న మేర చూసుకుని దిండు గలీబులు కుట్టుకోవడమే.