ఎనిమిది కప్పుల టీ
పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పేస్తానని ఒకావిడ అంటే ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రొనాల్డ్ ఫిషర్ ఊరుకోలేదు. 1935 నాటి తన పుస్తకంలో దాన్నే ప్రయోగంగా వివరించాడు: ఎనిమిది కప్పులు, ఒక్కో రకం నాలుగు, వరస మాత్రం చీటీలు తీసినట్టు కలగాపులగం. ఊహించి చెప్పినా అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒకటి. నాలుగింట ఒకటి తప్పిందా, ఆపాటి లేదా అంతకు మించిన అదృష్టం ఊహించేవాళ్లెవరికైనా 70లో 17 వంతులు పడుతుంది. ఇక అది రుజువు కాదు. కిటుకంతా కప్పులు పేర్చిన తీరులోనే ఉంది, లెక్క తర్వాతి సంగతి. మన దగ్గర అలాంటి పోలికే ఉండదు: కషాయం తాగితే వారంలో జలుబు తగ్గిందంటారు; తాగనివాళ్లకి ఎన్నాళ్లకు తగ్గిందో అడిగే నాథుడు లేడు. పరిశోధకులూ తక్కువ తినలేదు. ఉత్త అదృష్టంతోనే అలాంటి ఫలితం వచ్చే అవకాశం (దాన్నే పి-విలువ అంటారు) ఐదు శాతం లోపు ఉండాలని ఫిషర్ సౌకర్యం కోసం వాడిన గీతను శిలాశాసనం చేసి, పి-విలువ 0.049 వస్తే పండగ, 0.051 వస్తే మూగనోము! ఆ గీత దాటడమొక్కటే చూసి శాస్త్రీయ నిర్ణయాలకు రావొద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటనే ఇవ్వాల్సి వచ్చింది.