తొట్టి పక్కన ఎవరు?

ఇంట్లో నీటి కాన్పుకు తొట్టి ఎంచుకోవడంపై బ్రిటన్ అనుభవం నేర్పిన పాఠాలు

ఇంగ్లండ్‌లో ప్రజారోగ్య వ్యవహారాలు చూసే సంస్థ 2014 జూన్‌లో గర్భిణులకు ఒక హెచ్చరిక జారీ చేసింది. ఇంట్లో నీటి కాన్పు కోసం దొరికే తొట్లలో ఒక రకాన్ని మాత్రం వాడవద్దన్నది దాని సారాంశం. హీటరు, నీటిని తిప్పే పంపు అమర్చి ఉన్న రకం అది. అలాంటి తొట్టిలో పుట్టిన ఒక పసికందుకు లెజియనేర్స్ వ్యాధి సోకింది. ఊపిరితిత్తులను దెబ్బతీసే ఈ వ్యాధి నవజాత శిశువుల్లో అత్యంత అరుదు. అదే ఏడాది అమెరికాలోని టెక్సస్‌లో మరో శిశువు ఇదే వ్యాధితో కన్నుమూసింది. ఆ బిడ్డ పుట్టిన తొట్టిని సుమారు రెండు వారాల ముందే బావి నీటితో నింపి, వెచ్చగా ఉంచారు.

విచిత్రమేమిటంటే, ఈ రకం తొట్టి అన్నిటికన్నా సౌకర్యమైనది. నెలలు నిండగానే నింపి మీట నొక్కితే చాలు, నీరు రోజుల తరబడి ఒంటి వేడికి సరిపడా ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక వేణ్నీళ్ల కోసం పరుగులు తీయనక్కర్లేదు. సరిగ్గా ఆ సుఖంలోనే ప్రమాదం దాగి ఉంది. లెజియొనెల్లా బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య, నిలవ నీటిలో బాగా పెరుగుతుంది. పంపు గొట్టాల లోపలి జిగురు పొరలో కాపురం పెడుతుంది. అక్కడికి ఏ బ్రష్షూ చేరదు. నొప్పులు మొదలయ్యాక ఇంటి కుళాయి నీటితో నింపి, పని కాగానే ఖాళీ చేసే మామూలు తొట్లకు తమ హెచ్చరిక వర్తించదని ఆ సంస్థ విడిగా స్పష్టం చేసింది. అంటే మోటారు లేని, చవకైన, సాదాసీదా తొట్టే మేలని తేలింది.

నిజానికి ఈ పద్ధతి మొదలైంది కూడా సాదాసీదాగానే. ఫ్రాన్స్‌లోని పితివియే అనే చిన్న పట్టణంలో సర్జన్ మిషెల్ ఒదాన్ 1970లలో పురిటి గదిలోకి నీటి తొట్టిని తెచ్చారు. బిడ్డ నీటిలో పుట్టాలని ఆయన పట్టుపట్టలేదు. గోరువెచ్చని నీరు నొప్పులను తట్టుకునే బలమిస్తుందన్నదే ఆలోచన. కొందరు బయటికి రావడానికి ఇష్టపడకపోవడంతో కాన్పులు నీటిలోనే జరిగిపోయాయి. అలాంటి 100 కాన్పుల వివరాలను ఆయన 1983లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. 1992లో బ్రిటన్ పార్లమెంటు ఆరోగ్య కమిటీ, వీలైన ప్రతి ఆసుపత్రిలోనూ కాన్పు తొట్టి అందుబాటులో ఉంచాలని సిఫారసు చేయడంతో అది ప్రభుత్వ వైద్యంలో భాగమైంది.

అక్కడ ఇంట్లో కాన్పు కోరుకునేవారు తక్కువే. ఇంగ్లండ్, వేల్స్‌లలో నూటికి ఇద్దరో ముగ్గురో. కానీ అలా కోరుకున్న మహిళ ఇంటికి జాతీయ ఆరోగ్య సేవ మిడ్‌వైఫ్‌లను ఉచితంగా పంపుతుంది. తొట్టి మాత్రం సాధారణంగా కుటుంబమే కొనుక్కోవాలి, లేదా అద్దెకు తెచ్చుకోవాలి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ అవకాశం ఉంది. పురుడు పోయడానికి విమానమెక్కి వెళ్లిన తల్లికి, హాల్లో సోఫా జరిపి గాలి తొట్టి ఊదుతున్న అల్లుడు కనిపిస్తే కాసేపు నోట మాట రాకపోవచ్చు. అయితే ఆమె అడగబోయే ప్రశ్నలు, మిడ్‌వైఫ్ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఎంత లోతు? ఎంత వేడి? తేడా వస్తే ఎలా?

ముందు లోతు. స్నానాల టబ్బు ఇందుకు పనికిరాదు. లోతు చాలదు, ఇరుకు. పిల్లలు ఆడుకునే తొట్టి గోడలు ఒరిగితే వంగిపోతాయి. గర్భిణి కూర్చుంటే పొట్ట పూర్తిగా మునిగి, నీరు రొమ్ముల దాకా రావాలి. అప్పుడే నీరు ఆమె బరువును మోస్తుంది. ఇందులో భద్రత కూడా ఇమిడి ఉంది. నీటిలో పుట్టే బిడ్డ పూర్తిగా నీటిలోనే బయటికి రావాలి, వెంటనే తలను పైకి తేవాలి. తల బయటపడ్డాక తల్లి లేచి, బిడ్డ ముఖానికి గాలి తగిలితే మళ్లీ నీటిలో కూర్చోకూడదు. గాలి తగిలిన బిడ్డ ఊపిరి పీల్చే ప్రయత్నం చేస్తుంది.

తరువాత వెడల్పు. పెద్దదైతే మంచిదనుకోవడం పొరపాటు. మోకాళ్ల మీద వంగడానికి, పక్కకు తిరగడానికి చోటుండాలి. అలాగని ఎదురు గోడకు కాళ్లు తన్నిపెట్టుకోలేనంత విశాలంగా ఉంటే ముక్కేటప్పుడు పట్టు దొరకదు. గాలి నింపే రకమైతే గోడల్లో విడివిడి గాలి అరలు ఉండాలి. ఒకటి చిల్లుపడినా మిగతావి నిలబడతాయి. అడుగున మెత్తని గాలి పరుపు, లోపలా బయటా పట్టుకోవడానికి పిడులు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. గోడ మరీ ఎత్తయితే మిడ్‌వైఫ్ చేయి అందదు. అంతకన్నా ముఖ్యం, తల్లి స్పృహ తప్పితే ఆమెను బయటికి ఎత్తడం కష్టమవుతుంది. కప్పు పెట్టుకునే గూడు, రంగుల దీపాల కన్నా ఈ ఒక్క ప్రశ్నే విలువైనది. నిమిషంలో మనిషిని బయటికి తేగలమా?

మూడోది బరువు. ఇళ్లలో వాడే తొట్లు సుమారు 500 నుంచి 650 లీటర్ల నీరు పడతాయి. 600 లీటర్లంటే 600 కిలోలు. పైన తల్లి బరువు. బ్రిటన్‌లో చాలా ఇళ్ల మేడ గదులకు చెక్క నేల కాబట్టి కింది అంతస్తే మేలంటారు. మన కాంక్రీటు శ్లాబు గట్టిదే అయినా పాత మేడల్లో ఇంజనీరును అడగకుండా ముందుకు పోకూడదు.

ఇక వేణ్నీళ్లు. అన్నిటికన్నా ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. హైదరాబాద్ లెక్కనే తీసుకుందాం. కుళాయి నీరు 28 డిగ్రీలుంటే, 600 లీటర్లను 37 డిగ్రీలకు తేవడానికి 60 డిగ్రీల వేడి నీరు దాదాపు 170 లీటర్లు కలపాలి. 25 లీటర్ల గీజరు ఏడుసార్లు కాగాలి. అది కూడా కరెంటు పోకుండా ఉంటే. చలికాలంలో నీరు 22 డిగ్రీలకు పడితే తొమ్మిది పదిసార్లు. ఈలోగా ముందు పోసిన నీరు చల్లారుతుంది. రెండో కాన్పయితే బిడ్డ ఈ లెక్క పూర్తయ్యేదాకా ఆగకపోవచ్చు. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీరు కాచకుండానే ఆ వేడికి వస్తుంది కదా అనిపించవచ్చు. లెజియొనెల్లాకు ఇష్టమైన వేడి, ఇష్టమైన నిలవ కూడా అదే.

అందుకే బ్రిటన్ మిడ్‌వైఫ్‌లు నెలలు నిండకముందే ఒకసారి తొట్టి ఊది, నింపి, ఖాళీ చేసి చూడమంటారు. ఎంతసేపు పట్టింది, గొట్టం కుళాయికి అమరిందా, నీరు ఎటు పోయిందన్నది ఆ రోజే తెలుస్తుంది. నింపే గొట్టం కొత్తదై ఉండాలి. తోడే పంపును తోడడానికే వాడాలి. ఒక థర్మామీటరు, టార్చి, చిన్న అద్దం, నీటిలో పడ్డ మలినాలు తీయడానికి జల్లెడ, నేల మీద పరవడానికి ప్లాస్టిక్ పట్టా సిద్ధంగా ఉండాలి. నీటి వేడి 37.5 డిగ్రీలు దాటకూడదని, గంటగంటకూ నీటి వేడినీ, తల్లి ఒంటి వేడినీ చూడాలని అక్కడి అధికారిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. తల్లికి వేడి పెరిగితే బిడ్డ గుండె వేగం పెరుగుతుంది.

ఇన్ని జాగ్రత్తలు పడితే ఫలితం ఉంటుందా? నీటిలో నొప్పులు పడటం వల్ల వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్ల అవసరం కొంత తగ్గుతుందని, తల్లికీ బిడ్డకూ హాని పెరిగినట్టు ఆధారాలు లేవని 2018లో 15 అధ్యయనాలను పరిశీలించిన కొక్రేన్ సమీక్ష తేల్చింది. 2015 నుంచి 2022 వరకు బ్రిటన్‌లోని 26 ప్రభుత్వ వైద్య సంస్థల్లో తొట్టి వాడిన 87 వేల మందికి పైగా మహిళల వివరాలు సేకరించి 2024లో ప్రచురించిన అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. ఏ చిక్కూ లేని గర్భిణుల విషయంలో, నీటిలో కన్నవారికీ, బయటికి వచ్చి కన్నవారికీ మధ్య తీవ్రమైన చిరుగుల్లో గానీ, బిడ్డకు ముప్పులో గానీ పెరుగుదల కనిపించలేదు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మాత్రం 2016లో నొప్పులు నీటిలో పడినా కాన్పు నేల మీదే జరగాలని సూచించింది. డాక్టర్ల మధ్య వాదం ముగిసిపోలేదు.

అయితే ఈ అంకెలను చదివేటప్పుడు మరువకూడనిది ఒకటుంది. బ్రిటన్ అధ్యయనం కొలిచింది ఒట్టి తొట్టిని కాదు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ పక్కన ఉన్న తొట్టిని. మిడ్‌వైఫ్ అన్న మాటను మంత్రసాని అని తెలుగు చేస్తే సగమే అర్థమవుతుంది. ఆమె విశ్వవిద్యాలయంలో చదివి, రిజిస్టరై, బిడ్డ గుండె చప్పుడు నీటి అడుగునే వినే పరికరంతో, రక్తస్రావాన్ని ఆపే మందులతో, పసికందుకు ఊపిరి అందించే సంచితో వస్తుంది. కవలలకు, ఎదురుకాళ్ల బిడ్డకు, నెలలు నిండని కాన్పుకు, రక్తపోటు ఉన్నవారికి తొట్టి వద్దని ముందే చెప్పేదీ ఆమే. లెమ్మన్నప్పుడు తల్లి లేవాలన్నది మొదటి షరతు.

అంత ఏర్పాటున్నా ఇంటి కాన్పు పూచీ లేనిదేమీ కాదు. ఇంగ్లండ్‌లో 64 వేల మందికి పైగా తక్కువ ముప్పున్న గర్భిణులను పరిశీలించిన 2011 నాటి అధ్యయనం, తొలి కాన్పు ఇంట్లో తలపెట్టినవారిలో బిడ్డకు తీవ్రమైన కీడు వెయ్యికి 9.3గా, ఆసుపత్రి ప్రసూతి విభాగంలో 5.3గా నమోదు చేసింది. రెండో కాన్పు, ఆపై కాన్పుల్లో ఆ తేడా కనిపించలేదు. తొలి కాన్పు ఇంట్లో తలపెట్టినవారిలో 45 శాతం మందిని మధ్యలోనో, కాన్పయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. అంటే తొట్టితో పాటు అంబులెన్సు దారినీ ముందే చూసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కోరిక ఎందుకు మొలకెత్తుతోందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అది సాధించిన విజయం. అదే సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5 శాతమే. ఆసుపత్రి గడప తొక్కితే కత్తి తప్పదన్న భయం నుంచే చాలామంది సహజ కాన్పు వైపు చూస్తున్నారు. ఆ భయానికి ఆధారముంది. కానీ దానికి జవాబు తొట్టిని ఇంటికి తెచ్చుకోవడమేనా?

2018లో తమిళనాడులోని తిరుప్పూర్‌లో వీడియోలు చూసి ఇంట్లోనే కాన్పు చేయబోతే తల్లి ప్రాణాలు పోయాయి. 2024లో తిరువనంతపురంలో ఇంటి కాన్పులో తల్లీబిడ్డా ఇద్దరూ చనిపోయారు. వీటిలో నీటి ప్రసక్తి లేదు. లేనిది పక్కన నిలబడాల్సిన మనిషి. నర్సులకు ప్రత్యేక శిక్షణనిచ్చి మిడ్‌వైఫ్‌లుగా తీర్చిదిద్దాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు తెచ్చింది. తెలంగాణ అంతకు ఏడాది ముందే ఆ పని మొదలుపెట్టింది. కానీ ఆ సేవలు ఆసుపత్రుల్లోని విభాగాల కోసం ఉద్దేశించినవి. పిలిస్తే ఇంటికి వచ్చే ప్రభుత్వ మిడ్‌వైఫ్ మన దగ్గర లేరు. ఆమె లేకుండా తొట్టి కొనడం, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

కాబట్టి ఇక్కడ నీటి కాన్పు కోరుకునే దంపతులు ఎంచుకోవలసిన వరుస వేరు. ఆపరేషన్ థియేటరు, రక్తం, పిల్లల డాక్టరు అందుబాటులో ఉండి, మిడ్‌వైఫ్‌లకు చోటిచ్చే ఆసుపత్రి ముందు. ఆ మిడ్‌వైఫ్ ఇంతవరకు ఎన్ని నీటి కాన్పులు చేసింది, ఎందరిని మధ్యలో లేపేసింది అన్నది రెండో ప్రశ్న. తొట్టిని ప్రతి కాన్పు తర్వాత ఎలా కడుగుతారు, నీరు ఎప్పుడు పడతారు అన్నది మూడోది. ఇవన్నీ సరిపోయాక తొట్టి గుండ్రమా, కోలా అన్నది తేల్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.