తుపాకిని వ్రాశారు, గొంగడిని మరచారు

సెప్టెంబరు 17 వచ్చిందంటే చాలు, మనవారికి పేరు తగవు మొదలు. విమోచనమా, విలీనమా, విద్రోహమా, సమైక్యతయా? 2022లో ఒకే నగరంలో, ఒకే దినాన కేంద్రం ఒక పేరుతోను, రాష్ట్రం మరొక పేరుతోను వేర్వేరు సభలు జరిపాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మరో కొత్త పేరు పెట్టింది. నా తగవు ఆ పేర్లతో కాదు. ఆ తేదీతో కథ ముగిసినట్లు అందరూ కలిసి నటించడమే నాకు మింగుడుపడని విషయం.

1948 సెప్టెంబరు 13న హైదరాబాదు రాజ్యంలో అడుగుపెట్టిన భారత సైన్యం అయిదు దినాలలో నిజాము ప్రభుత్వాన్ని లొంగదీసింది. రైతాంగ సాయుధ పోరాటాన్ని విరమించింది మాత్రం 1951 అక్టోబరు 21న. నడుమ ఎన్ని చలికాలాలో వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టండి. మూడు. మైదానపు గ్రామాలలో నిలువ నీడ లేక దళాలు ఇటు నల్లమలకు, అటు పాల్వంచ, ఇల్లెందు, ములుగు వైపు గోదావరి అడవులకు చేరింది ఆ కాలంలోనే. ఆ మూడు హేమంతాలూ మూడు శిశిరాలూ మన సాహిత్యంలో ఏ మూల ఉన్నాయి?

ఈ పోరాటం పేరు ఎత్తగానే అందరి నోటా వచ్చే రచనలు "మృత్యుంజయులు" నవల, "మా భూమి" నాటకం. రెండూ 1947 నాటివి. అడవి చలి వాటిలో ఉండే అవకాశమే లేదు. ఆ తరువాత వచ్చినవారైనా ఆ లోటు తీర్చారా అంటే, ఎక్కువమంది వ్రాసింది మళ్ళీ గడీ, దొర, రజాకారు, తుపాకి, నెత్తురు.

నేను పాతకాలపు భాషాప్రవీణ చదువు చదివినవాణ్ణి. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు కావాలని మా గురువులు వల్లె వేయించారు. వాటిలో ప్రయాణం ఉంది, యుద్ధం ఉంది, నాయకాభ్యుదయం ఉంది. ప్రయాణానికీ యుద్ధానికీ నడుమ సైనికుడు పడుకునే రాత్రి లేదు. ప్రబంధాన్ని భోగలాలస సాహిత్యమని తిట్టిపోసిన అభ్యుదయ రచయితలు కూడా తెలియకుండానే ఆ జాబితాకే కట్టుబడ్డారు! నిజానికి ప్రబంధకవులందరూ అంత గుడ్డివారు కారు. ఆముక్తమాల్యదలో రాయలవారు వానకాలాన్ని వర్ణిస్తూ, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగడాన్ని, దొరికిన నిప్పుతో పొయ్యి రాజేయడానికి పడే పాట్లను, ఆ పొగను వదలలేదు. చక్రవర్తి కంటబడిన తడికట్టె ప్రజారచయితల కంటబడకపోవడం విడ్డూరం కాదా?

"తెలంగాణలో చలి ఏమిటండీ, మంచు కురుస్తుందా?" అనే మిత్రులు ఒక్కసారి పుష్యమాసంలో మా గౌడవెల్లికి రండి. వేకువన స్టేషనులో బండికోసం నిలబడినవారు తలకు గుడ్డ చుట్టుకొని, చేతులు చంకల్లో దాచుకొని కనబడతారు. వారికి ఇంటివద్ద పైకప్పు ఉంది, పొయ్యి ఉంది. దళానికి ఈ రెండూ లేవు. నెగడు వేస్తే రాత్రి మంట కనబడుతుంది, పగలు పొగ కనబడుతుంది. శిశిరంలో టేకు అడవి ఆకు రాల్చి నిలువునా బోసిపోతుంది. దాగడానికి చాటు ఉండదు, ఎండుటాకు మీద అడుగు వేస్తే చప్పుడు. చలి ముదిరే కొద్దీ అడవి శత్రువు పక్షాన చేరుతుంది. దానికి తోడు మలేరియా. చలిజ్వరంతో వణికేవానిని మోసుకుంటూ మకాం మార్చడమంటే ఏమిటో వీరగాథలు వ్రాసేవారు ఒక్కసారి ఊహించాలి.

ఇక అన్నం మాట. పోరాటానికి అండగా నిలిచినందుకు కోయ గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని కాపలా గల శిబిరాలలోకి తరలించారు. మలయాలో బ్రిటిషువారు బ్రిగ్స్ పథకంతో చేసినది కూడా ఇటువంటిదే. గూడెం పోయిందంటే దళానికి గింజ పోయింది, ఉప్పు పోయింది, కబురు పోయింది. సొంత పొలాలు వదలి కంచె నడుమ చలికాలం గడిపిన ఆ కోయల శిబిరం కూడా ఈ యుద్ధపు శిబిరమే. దానికి స్తూపం ఎవరు కట్టాలి?

1951 ఫిబ్రవరిలో నలుగురు కమ్యూనిస్టు నాయకులు మాస్కోలో స్టాలినును కలిశారు. అక్కడ ఎవరు ఏమన్నారో అచ్చులో దొరుకుతుంది. అదే శిశిరంలో గోదావరి ఒడ్డున దళం ఏమి తిన్నదో తెలియాలంటే ముక్కలు ముక్కలుగా ఏరుకోవాలి. పోరాటం కొనసాగించడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. 1948 తరువాత దానిని ఆపాలన్న రావి నారాయణరెడ్డిగారి వాదమూ ఉంది, సాగించాలన్న ఎదుటివారి వాదమూ ఉంది. ఇరువైపులా కావలసినన్ని పత్రాలు పుట్టాయి. వణికినవారి వాంగ్మూలం లేకుండానే ఆ తీర్పులన్నీ జరిగిపోయాయి.

ఆ వాంగ్మూలం వినిపించినవారిలో స్త్రీలు ముందున్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన "మనకు తెలియని మన చరిత్ర"లో వారు పురుడు, ఆకలి, జబ్బు గురించి దాపరికం లేకుండా చెప్పారు. దళంలో ఉంచుకోలేక కన్నబిడ్డను పరాయి చేతులలో పెట్టవలసివచ్చిన తల్లి గోడు అందులో ఉంది. ఏ వీరగాథలోనైనా ఆ బిడ్డకు చోటు దొరికిందా?

ఇదంతా చెబితే పోరాటాన్ని చిన్నబుచ్చడమే అని కొందరు కన్నెర్ర చేస్తారు. వారు అమెరికా వైపు చూడాలి. 1777 డిసెంబరు 19న వాషింగ్టన్ సేన, సుమారు 12 వేల మంది, వ్యాలీ ఫోర్జి అనే చోట చలికాలపు విడిది చేసింది. ఆరు నెలలు. అక్కడ యుద్ధమే జరగలేదు. అయినా దాదాపు 2 వేల మంది వ్యాధులతో మరణించారు. పన్నెండుమందికి ఒక గుడిసె, దాని కొలత పద్నాలుగు అడుగులకు పదహారు. ఈ కొలత నాకు గౌడవెల్లిలో కూర్చుంటే తెలుస్తున్నది. ఎందుకంటే ఆ దేశంవారు ఆ స్థలాన్ని జాతీయ ఉద్యానవనం చేసి, గుడిసెలు మళ్ళీ కట్టి, బూట్లు లేని సైనికుల కథను పిల్లలకు చెబుతారు. వారి విప్లవం చిన్నబోయిందా?

తొలి అమరుడు దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డ. గొంగడి నేసే కులం. ఏటా జూలై 4న ఆయన పటానికి దండ వేసే పెద్దలు, ఆయన తరువాత అడవిలో మిగిలినవారు ఎంతమందికి ఒక గొంగడి కప్పుకున్నారో చెప్పగలరా? చెప్పగలిగిన తరం దాదాపు దాటిపోయింది. మల్లు స్వరాజ్యంగారు 2022 మార్చిలో కన్నుమూశారు. నల్గొండ, వరంగల్లు, ఖమ్మం వైపు మీ ఇండ్లలో తొంభై దాటిన ముదుసలి ఎవరైనా మిగిలివుంటే, ఎన్ని తుపాకులు పట్టుకున్నావని అడగకండి. రాత్రి ఎక్కడ పడుకున్నావు, ఏమి కప్పుకున్నావు, జ్వరం వస్తే ఎవరు చూశారు అని అడగండి. చెప్పింది చెప్పినట్లు, వారి మాండలికంలోనే వ్రాసి పెట్టండి. వచ్చే చలికాలందాకా ఆగకండి.