పాటతో పాటు పేరు

కొత్త పాట ఇప్పుడు మనల్ని వెతుక్కుంటూ వస్తోంది. పాటల యాప్ స్పాటిఫై 2015లో మొదలుపెట్టిన ‘డిస్కవర్ వీక్లీ’ ప్రతి సోమవారం 30 పాటలు ఏరి శ్రోత ముందుంచుతోంది. మన అభిరుచికి దగ్గరగా ఉన్నవాళ్లు విన్నవాటిలోంచి మనం విననివి తీసి ఇవ్వడం దాని ప్రధాన సూత్రాల్లో ఒకటి. సౌకర్యమే, కాదనను. కానీ ఎక్కువమంది విన్నదే ఇంకా ఎక్కువమందికి చేరే ఈ పద్ధతిలో తెలుగు శ్రోతకు సినిమా పాట వెనక సినిమా పాటే వస్తుంది. లలిత గీతాలు, జానపదుల అసలు బాణీలు, వాటిని ముందే ఎరిగినవాళ్ల దగ్గరే ఆగిపోతాయి.

మనుషులే పాటలు ఎంచిన రోజులు మాత్రం గొప్పవా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1952 నుంచి సమాచార ప్రసార శాఖ చూసిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటను దూరం పెట్టింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. 1957లో ఆకాశవాణే సినిమా పాటకు చోటిస్తూ వివిధ భారతిని తెచ్చింది అందుకే. అలాంటి పెత్తనం మళ్లీ రాకూడదు. రావలసింది రేడియోవాళ్ల మంచి అలవాటు. పాటకు ముందు రచయిత, స్వరకర్త, గాయకుల పేర్లు చెప్పేవారు. ఆ పేరు పట్టుకునే శ్రోత మరో పాటను చేరుకునేవాడు. ఫోన్‌లోనూ ఆ వివరాలు దొరుకుతాయనే మాట నిజమే కానీ, వెతికినవాళ్లకే దొరుకుతాయి. రీల్‌లో వినిపించే ముక్కకైతే రాసినవారెవరో తెలిసేది అరుదు.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే: ఈ నెల ఎవరికైనా పాట పంపితే, రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు కూడా జతచేసి పంపండి.