ఆటా, అభిమానీ, అభ్యుదయవాదీ

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు చివరి మ్యాచీలు చూసి ఏడ్చేవారిని గూర్చి మన అభ్యుదయ మిత్రులలో రెండు అభిప్రాయాలు వున్నాయి. మొదటిది: అదంతా మత్తు, పెట్టుబడిదారులు జనం కళ్ళకు కట్టిన గంత. రెండవది: ఆట ఆటే, దానిలోకి రాజకీయాలను ఈడ్చుకురావటం సంస్కారం కాదు. ఈ రెండూ ఒకదానికొకటి బద్ధవిరుద్ధాలుగా కనబడతాయి. కాని రెంటికీ మూలం ఒకటే. అభిమాని అనేవాడు ఆలోచించలేడని ఇద్దరూ ముందే తీర్మానించుకున్నారు. మొదటివారు అతన్ని తిడతారు, రెండవవారు జోకొడతారు.

ఈ రెండు అభిప్రాయాలూ తప్పని నా వాదం. ఉదాహరణకు 2022 నాటి ఖతార్ పోటీని తీసుకుంటాను. దానికీ మన పల్లెలకూ వున్న సంబంధం నేను కల్పించి చెప్పవలసినది కాదు.

ఆ ఏడు డిసెంబరు 18న లుసైల్ స్టేడియంలో 88,966 మంది ఎదుట అర్జెంటీనా, ఫ్రాన్సు తలపడ్డాయి. 79 నిమిషాల దాకా అర్జెంటీనా 2-0తో నిశ్చింతగా వుంది. ఆ తరువాత రెండు నిమిషాలు తిరక్కుండానే ఎంబాపె రెండు గోళ్ళు కొట్టాడు. అదనపు సమయంలో మెస్సీ ఒకటి కొడితే ఎంబాపె మళ్ళీ సమం చేశాడు. 3-3 దగ్గర ఆగిన ఆట పెనాల్టీలలో 4-2తో తేలింది. ఆ రాత్రి బ్వేనస్ ఐరిస్ వీధులలో, ఢాకాలో, కేరళలో, మన వూళ్ళలో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు.

మా కాలేజీ హాస్టలు హాలులో నేనూ వున్నాను. మెస్సీ రెండో గోలు కొట్టగానే పిల్లలందరూ బెంచీలెక్కారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి కూడా నీలం చారల చొక్కా తొడుక్కుని అందరితో పాటు గంతులు వేశాడు, గెలిచినప్పుడు ఏడ్చాడు. అంతా సద్దుమణిగిన తరువాత నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అన్నాడు: "సార్, గా స్టేడియం కాడ మా బాపు రెండేండ్లు సలాకలు కట్టిండు. టీవీల కప్పు జూపెట్టినప్పుడల్లా గిది బాపు కట్టిన దిక్కేనా అని జూస్తున్న. కంపెనోడు రెండు నెలల జీతం ఎగవెట్టిండు. వీసా అప్పుకు మిత్తి ఇంకా కడ్తున్నం."

"మరి ఎందుకు ఏడ్చావురా?" అన్నాను. "మనం గెల్చినం గద సార్!" అన్నాడు.

మన మిత్రుల రెండు సిద్ధాంతాలలోనూ ఈ కుర్రవాడికి చోటు లేదు. మత్తులో మునిగినవాడైతే తండ్రి కట్టిన సలాకలు అతనికి కనబడకూడదు. ఆట ఆటేనని నమ్మినవాడైతే ఎగవేసిన జీతం ఆ పూట గుర్తు రాకూడదు. అతనికి రెండూ ఒక్కసారే తెలుసు. అతనికి తెలిసినంత మనకు తెలియకపోవటమే ఈ చర్చలోని దౌర్భాగ్యం.

మత్తుమందు వాదాన్ని ముందు చూద్దాం. మార్క్సు మతాన్ని గూర్చి వాడిన పోలికను మన మిత్రులు ఆటకు తగిలించారు. కాని ఆయన అక్కడే పీడితుల నిట్టూర్పును గూర్చి కూడా చెప్పాడన్న సంగతిని సౌకర్యంగా మరిచిపోయారు. 2022లో అర్జెంటీనాలో ధరలు ఏడాదిలో 94.8 శాతం పెరిగాయి. అలాంటి ఏడాది చివర, డిసెంబరు 20న, లక్షలాది జనం వీధులు నింపివేస్తే ఆటగాళ్ళ బస్సు ముందుకు కదలలేక వారిని హెలికాప్టర్లలోకి ఎక్కించవలసి వచ్చింది. ఆ జట్టు అధ్యక్షభవనం మెట్లెక్కలేదు. పాలకుడి పక్కన నిలబడి ఫోటో దిగలేదు.

దీన్ని 1978తో పోల్చి చూడండి. అప్పుడు కూడా ఆ దేశమే గెలిచింది, అప్పుడు కూడా జనం వీధులలోకి వచ్చారు. కాని ఆనాడు కప్పును కెప్టెన్ పసరెల్లా చేతిలో పెట్టింది సైనిక నియంత విదేలా. ఫైనల్ జరిగిన మైదానానికి కూతవేటు దూరంలో నౌకాదళ పాఠశాల చిత్రహింసల కొట్టుగా నడుస్తూ వుండేది. స్టేడియంలోని కేకలు తమకు వినపడ్డాయని అక్కడినుంచి ప్రాణాలతో బయటపడ్డవారు తరువాత చెప్పారు. జనం సంతోషం రెండుసార్లూ నిజమైనదే. దాన్ని ఎవరు సొమ్ము చేసుకున్నారన్న దగ్గరే తేడా వుంది. కాబట్టి విమర్శకుడు నిలదీయవలసింది ఆ సొమ్ము చేసుకున్నవాణ్ణి. ఏడ్చినవాణ్ణి నిలదీయటం విమర్శ కాదు, అహంకారం.

అభిమాని ఆలోచించలేడన్నది కూడా పచ్చి అబద్ధం. 2022లో పోటీకి ముందు జర్మనీ క్లబ్బుల అభిమానులు గ్యాలరీలలో ఖతార్ పోటీని బహిష్కరించాలని బేనర్లు ఎత్తారు. వారంతా ఆటను ప్రాణప్రదంగా ప్రేమించేవారు. ఆటను ఈసడించుకునే మన మిత్రులలో ఒక్కరు కూడా ఆ ఏడు ఒక్క అట్టముక్క రాసి పట్టుకోలేదు.

ఇక రెండవ వాదం: "ఆటలోకి రాజకీయాలు వద్దు". ఈ మాట మొదట అభిమాని నోట పుట్టినది కాదు. 2022 నవంబరులో ఫిఫా పెద్దలు పోటీలో పాల్గొనే 32 జట్లకూ ఉత్తరం రాసి, ఇక ఆట మీదనే దృష్టి పెట్టండని హితవు చెప్పారు. అదే నెల 19న అధ్యక్షుడు ఇన్ఫాంటినో విలేఖరుల ముందు కూర్చుని, ఈ రోజు తానొక వలసకూలీనన్న భావన కలుగుతోందని సెలవిచ్చాడు. ఆ నాలుగేళ్ళలో ఆ సంస్థ రాబడి దాదాపు 750 కోట్ల డాలర్లు. బహుమతులకు కేటాయించినది 44 కోట్ల డాలర్లు. కనీసం అంత సొమ్మును నష్టపోయిన కార్మికుల పరిహారానికి కేటాయించమని మానవహక్కుల సంఘాలు 2022 మేలోనే అడిగాయి. అధ్యక్షుడి వలసకూలీ భావన నోటివద్దనే ఆగింది, ఖజానా దాకా పోలేదు.

2010-20 మధ్య ఖతార్‌లో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందినవారు 6,500 మందికి పైగా చనిపోయారని గార్డియన్ పత్రిక 2021 ఫిబ్రవరిలో రాసింది. అందులో భారతీయులు 2,711 మంది. వీరంతా స్టేడియాలలోనే చనిపోయారని అనటం సత్యం కాదు. ఆ లెక్కలో అన్ని పనులవారూ, అన్ని కారణాలూ కలిసి వున్నాయి. ఐతే ఏది ఎండ దెబ్బో, ఏది గుండెజబ్బో తేల్చే శవపరీక్షలు లేకుండానే చాలా చావులను "సహజ మరణం" అని రాసి శవపేటికలు పంపించారు. ముప్ఫయ్యేళ్ళవాడు రాత్రి పడుకుని తెల్లారి లేవకపోతే అది సహజమా? ఈ ప్రశ్న అడగటం రాజకీయమైతే, అడగనివ్వకపోవటం అంతకంటె పెద్ద రాజకీయం.

పైగా ఆ ఫైనల్ జరిగిన డిసెంబరు 18 అంతర్జాతీయ వలసదారుల దినం. 1990లో అదే తేదీన ఐక్యరాజ్యసమితి వలస కార్మికుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. ఆ ఒప్పందంలో ఖతార్ చేరలేదు. మన దేశమూ చేరలేదు. ఆ రాత్రి ఖతార్ ఎమీరు మెస్సీ భుజాల మీద నల్లని అంగవస్త్రం కప్పితే, చొక్కా కనబడకుండా పోయిందని కొందరూ, అది అరబ్బుల మర్యాద అని కొందరూ రోజుల తరబడి తగవులాడుకున్నారు. కప్పుకున్న బట్టను గూర్చి ఇంత చర్చ జరిగింది. పైకప్పు కట్టినవాడిని గూర్చి జరగలేదు.

జనం సంతోషం ఎప్పుడూ నిర్మలంగానే వుంటుందని నేను అనటంలేదు. ఓడిన మరునాడే, పెనాల్టీలు తప్పిన కోమాన్, చువామేనీల చర్మపు రంగును ఎత్తి తిట్టిన అభిమానులు వున్నారు. గెలిచినవారిదీ అదే జాడ్యం. 2024 జూలైలో కోపా అమెరికా గెలిచిన అర్జెంటీనా ఆటగాళ్ళు కొందరు ఫ్రెంచి ఆటగాళ్ళ ఆఫ్రికా మూలాలను వెక్కిరిస్తూ పాడిన పాట, 2022లో వారి అభిమానులు కట్టినదే. అభిమానిని అతని మానాన వదిలివేస్తే జాతివిద్వేషి వచ్చి చేరదీస్తాడు. మనం ముక్కు మూసుకుని దూరంగా నిలబడటం వల్ల జరిగే నష్టం ఇదే.

ప్రపంచం చూపుకు బలం లేదనుకోవటం కూడా పొరపాటు. యజమాని అనుమతి లేకుండా కార్మికుడు ఉద్యోగం మారవచ్చునని ఖతార్ 2020లో చట్టం చేసింది. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలులోకి వచ్చింది. ఇవి చాలవు; కాగితం మీదివన్నీ కార్మికుల గదుల దాకా రాలేదు. ఐనా కార్మికుల ఫిర్యాదులూ, కార్మికసంఘాల ఒత్తిడీ, కోట్ల కళ్ళు అటు తిరగటమూ లేకపోతే ఆ మాత్రం కూడా వచ్చేది కాదు. ఆ కళ్ళు అభిమానులవి.

చివరిగా మనల్ని గూర్చి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ పల్లె తన చరిత్రను మూడు మాటలలో చెప్పుకున్నది. ఆ మూడో మాట మీద మన పాఠాలలో, మన విమర్శలో ఎన్ని పుటలు వున్నాయి? తెలుగు సాహిత్యం బోధించే నేను ఆ రాత్రి దాకా నా తరగతిలోని విద్యార్థి తండ్రి ఎక్కడ పనిచేశాడో అడగలేదు. ఎదుటివారిని తప్పుపట్టే ముందు ఈ తప్పు ఒప్పుకోవాలి.

2034 పోటీని సౌదీ అరేబియాకు ఇస్తున్నట్టు 2024 డిసెంబరు 11న ఫిఫా ప్రకటించింది. అక్కడ కొత్త స్టేడియాలు లేవాలి. వాటికి సలాకలు కట్టేవాళ్ళ కోసం ఏజెంట్లు మళ్ళీ మన వూళ్ళకే వస్తారు. వీసా ఖర్చు ఎవరు భరించాలి, ఎండ వేళ పని ఎవరు ఆపాలి, చనిపోయినవాడికి శవపరీక్ష ఎవరు చేయించాలి, ఎగవేసిన జీతం ఎవరిచేత కట్టించాలి? ఈ ప్రశ్నలు అడగవలసిన సమయం మొదటి పునాది తవ్వకముందే. వీటిని ఫుట్‌బాల్ చొక్కా తొడుక్కున్న పిల్లలతో కలిసి అడగాలి, ఆ చొక్కా విప్పమని వారికి చెప్పకుండా అడగాలి. నా విద్యార్థి ఆ చొక్కాతోనే తండ్రి సంగతి చెప్పాడు. వినవలసినవాళ్ళం మనం.